నూట పన్నెండు బస్తాలు

రైతు సంఘం షెడ్డులో కోకో గింజలు మాగబెట్టే పని ముప్ఫై ఏళ్లుగా ఆయనదే. చెక్కపెట్టె మీద కప్పిన గోనెపట్టా కాస్త ఎత్తి వాసన చూస్తే చాలు, ఇంకెన్ని రోజులు ఉంచాలో చెప్పేసేవాడు. అందుకే ఊరంతా ఆయన్ని ముక్కు మామ అనేవారు.

తలుపు పక్కన బల్ల దగ్గర ఆయన కోడలు బస్తాలు తూచేది. ఒక్కో బస్తా సీలు మీది కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి, బరువెంతో, గింజలు ఏ తోటవో ఎక్కించేది.

"గింజ సంగతి ముక్కుకి తెలియాలి గానీ ఫోనుకేం తెలుస్తుంది అమ్మాయ్?" అని ఆయన రోజూ ఆటపట్టించేవాడు.

"మీ ముక్కుని లారీ ఎక్కించి చాక్లెట్ కంపెనీకి పంపలేం కదా మామయ్యా!" అని ఆమె నవ్వేది. "దీన్ని బ్లాక్‌చైన్ అంటారు. ఒక్కరి దగ్గర ఉండే పుస్తకం కాదిది. మన దగ్గరా, లారీవాళ్ల దగ్గరా, గోడౌన్‌లోనూ, కంపెనీలోనూ ఇదే లెక్క ఉంటుంది. రాసింది ఎవరూ చెరపలేరు. తప్పుంటే కింద ఇంకో వరుస రాయాల్సిందే, పైది అలాగే ఉంటుంది."

ఆయన తల ఊపి పెట్టెల వైపు వెళ్లిపోయేవాడు. తక్కినవాళ్లు మాత్రం నవ్వి ఊరుకోలేదు. ప్రతి తోట చుట్టూ ఫోను పట్టుకుని తిరిగి హద్దులు గుర్తిస్తుంటే, పనీపాటా లేని పిల్ల అని ఆమెను ఆడిపోసుకున్నారు. అయినా ఆమె ఒక్క తోటనూ వదల్లేదు.

ఒక ఉదయం కంపెనీ తనిఖీ అధికారిణి జీపు దిగింది. వెంట గోడౌన్ మేనేజరు, చంకలో లావుపాటి రిజిస్టరు. సంఘం ప్రెసిడెంటు కుర్చీలు వేయించేలోపే ఆవిడ విషయం చెప్పేసింది.

"మీ పేరుతో గోడౌన్‌లో నూట నలభై బస్తాలున్నాయి. మీ తోటలన్నీ కలిపినా అంత పంట రాదు. అడవి నరికి వేసిన తోటల గింజలు కలిపారని మా అనుమానం. అదే నిజమైతే మీ సంఘంతో మాకిక సంబంధం ఉండదు."

ప్రెసిడెంటు ముఖం పాలిపోయింది. "మేమంత పని చేయలేదు మేడమ్" అన్నాడు.

మేనేజరు రిజిస్టరు తెరిచాడు. "ఇక్కణ్ణుంచి వచ్చినవి నూట నలభై. ఇదిగో, రాసుంది చూడండి."

కోడలు లేచి ఫోను అధికారిణి చేతికిచ్చింది.

"మేము పంపినవి నూట పన్నెండు మేడమ్. లారీ ఎక్కినవీ అన్నే. గోడౌన్‌లో దిగిన రోజున ఈయన మనుషులు స్కాన్ చేసినవీ అన్నే. తొమ్మిది రోజులయ్యాక దాని కింద నూట నలభై అని ఇంకో వరుస రాశారు. అది కూడా ఈయన గోడౌన్ నుంచే. మీ ఫోనులోనూ ఇదే ఉంటుంది, చూసుకోండి."

అధికారిణి తన ఫోను తీసి చూసింది. తర్వాత మేనేజరు వైపు తిరిగింది.

"అది... మొదట లెక్క తప్పి, తర్వాత సరిచేశాం" అన్నాడు అతను నీళ్లు నములుతూ.

"మరి ఎక్కువైన ఇరవై ఎనిమిదింటికీ కొత్త కోడ్‌లు లేవేం? మా కోడ్‌లనే నకలు తీసి అంటించారా?" అంది కోడలు. అతను రిజిస్టరు మూసి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

అధికారిణి నిట్టూర్చింది. "తప్పు మీది కాదని తేలింది. కానీ రెండు రకాలూ కలిసిపోయాయమ్మా. ఏ బస్తా మీదో తెలియకపోతే మొత్తం తిప్పి పంపాల్సిందే."

అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డ ముక్కు మామ ముందుకొచ్చాడు. "నా చేత్తో మాగబెట్టిన గింజని నేను పోల్చుకోలేనా? ఏవీ, నమూనాలేమైనా తెచ్చారా?"

ఆవిడ పన్నెండు పొట్లాలు బల్ల మీద పరిచింది. అవి ఏ బస్తాల్లోంచి తీసిందీ, ఆ బస్తాల బరువెంతో ఆవిడ కాగితంలో మాత్రమే ఉంది. ఆయన ఒక్కో పొట్లం విప్పి వాసన చూశాడు, గింజను చాకుతో నిలువునా కోసి చూశాడు. లోపల గోధుమరంగు తిరిగినవి కుడివైపు, పచ్చితనం పోక ఊదాగా ఉన్నవి ఎడమవైపు పెట్టాడు. కుడివైపు ఏడు, ఎడమవైపు ఐదు.

"ఈ ఏడూ నావి. ఆ ఐదూ ఎవరివో, సగం మాగకముందే ఎండబెట్టేశారు, పాపం!"

అధికారిణి కాగితం చూస్తూ ఒక్కో బస్తా కోడూ, బరువూ చదివింది. కోడలు ఫోనులో ఆ కోడ్ ఎదురుగా ఉన్న బరువు చదివింది. కుడివైపు ఏడూ సరిపోయాయి. ఎడమవైపు ఐదింటిలో ఒక్కటీ సరిపోలేదు.

"పన్నెండుకి పన్నెండు!" అంటూ అధికారిణి లేచి నిలబడింది. "ఫోనూ ముక్కూ ఒకే మాట చెబుతున్నాయి. బస్తాలన్నీ తూయిస్తాను. మీ నూట పన్నెండూ మేమే తీసుకుంటాం. ఇకమీదట మీ సరుకు ఈయన గోడౌన్ గడప తొక్కదు."

షెడ్డు దద్దరిల్లింది. గింజలు ఏరే ఆడవాళ్లు చేటలు వదిలేసి వచ్చి కోడలిని ఎత్తినంత పని చేశారు. పనీపాటా లేదన్నవాళ్లే ముందు వరసలో ఉన్నారు. మేనేజరు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

ముక్కు మామ బయటికొచ్చి, వేరే ఊళ్లో ఉన్న కూతురికి ఫోను చేశాడు. వీధి వీధంతా వినబడేలా అరుస్తున్నాడు.

"మీ వదిన ఇవాళ ఏం చేసిందో తెలుసా? కంపెనీ వాళ్ల నోరు మూయించింది! నేనా? నేనూ చేశాన్లే, ఇరవై పొట్లాలు వాసన చూశాను!"

"పన్నెండే మామయ్యా" అంది కోడలు కళ్లు తుడుచుకుంటూ.

"నువ్వుండమ్మాయ్, చెప్పనీ" అని ఆయన గొంతు ఇంకాస్త పెంచాడు.