సిల్వియాకేం భయం

“మొహానికి బూడిదంటింది, తుడుచుకో,” అన్నాడు మొగుడు నెల్సన్, టీ గ్లాసు అరుగు మీద పెడుతూ.

రత్నం పెరట్లో పీట మీద కూర్చుని కొరమీనుకి బూడిద పట్టించి రుద్దుతోంది. ఏడో నెల కడుపు మోకాళ్ళకి అడ్డం పడుతుంటే పక్కకి ఒరిగి, జారిపోతున్న చేపని అరచేత్తో అదిమి పట్టింది. భుజంతో చెంప తుడుచుకుంది. పోలేదు. మళ్ళీ తుడుచుకున్నాక గుర్తొచ్చింది, అది బూడిద కాదని. కడుపు పెరిగేకొద్దీ రెండు చెంపల మీదా నల్లగా మంగు పరుచుకుంటోంది.

“బూడిద కాదండీ,” అంది.

అతను వంగి చూశాడు. “ఓహో,” అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. “వదిన్ని చూడు. రోజూ ఎండలో పడి ఏలూరు పోయొస్తుంది. మొహం కడిగిన ముత్యంలా ఉంటుంది.” బండి తీసుకుని కైకలూరు వెళ్ళిపోయాడు, చేపల మేత అమ్మే కొట్టుకి.

రత్నం చేపని కత్తిపీటకేసి మామూలు కంటే గట్టిగా కోసింది.

సిల్వియా ఆమెకి తోడికోడలు, పెద్దకోడలు. దెందులూరులో ఇంటిల్లిపాదీ లేవకముందే తల దువ్వుకుని, ఏలూరు బ్యూటీ పార్లర్లో పనికి వెళుతుంది. ఆమె కేరేజీ కట్టేది రత్నం. సాయంత్రం ఆ కేరేజీ తోమేదీ రత్నమే. సిల్వియా గోళ్ళలో చేప వాసన ఉండదు. చీర కుచ్చిళ్ళు బస్సు దిగాక కూడా చెదరవు. పిల్లలు లేరు కదా, ఆ ఒక్క లోటైనా మొహంలో కనపడుతుందేమోనని రత్నం ఎన్నోసార్లు దొంగచాటుగా వెతికింది. కనపడలేదు. అలా వెతికినందుకు ఆదివారం గుళ్ళో మోకాళ్ళ మీద క్షమాపణ అడిగేది, లేచి నిలబడగానే ముందు వరసలో సిల్వియా జడ కనిపించి మళ్ళీ కడుపు మండేది.

అన్నిటికంటే మండేది బొప్పాయి దగ్గర. పంపు పక్కనున్న చెట్టుకి పండు పసుపు తిరిగితే అత్తగారు కృపమ్మ తనే కోసి, కడిగి, తెచ్చి పెద్దకోడలి ముందు పెట్టేది. “సిల్వియా తింటుందిలే. దానికేం భయం,” అనేది. పెళ్ళైన కొత్తలో రత్నం చెయ్యి చాపితే, “నువ్వు ముట్టుకోకే అమ్మాయ్, కడుపు నిలవాల్సినదానివి,” అని చేతి మీద కొట్టింది. అప్పట్నించీ ఆ ఇంట్లో రత్నం బొప్పాయి రుచి చూడలేదు. కొల్లేటి గట్టున పుట్టింట్లో చెట్టు కిందే నిలబడి తిన్న పిల్ల. ఇక్కడ కడుపు నిలవడానికి మందులు తనకి, పండ్లు ఆవిడకి. అడగకుండానే అందే పండు ఎంత తియ్యగా ఉంటుందో అనుకునేది. సిల్వియా మాత్రం తల దించుకుని ఒక్కో ముక్కా నమిలేది, మాట్లాడేది కాదు. ఎంత పొగరు, తింటూ కూడా బాగుందని అనదు, అనుకునేది రత్నం.

నెల్సన్ ఆ ‘ఓహో’ అన్న రోజే, సిల్వియా గది ఊడుస్తుంటే అద్దం వెనక ట్యూబు కనిపించింది. అక్షరాలు అరిగిపోయాయి. మూత తీస్తే ఏదో పండు వాసన. వేలి కొసతో కాస్త తీసుకుని మంగు మీద రాసుకుంది. చురుక్కుమంది. చురుక్కుమంటే పనిచేస్తోందన్నమాట అనుకుంది. మర్నాడూ రాసుకుంది, ఆ మర్నాడూ. ట్యూబు పైకి చుట్టుకుపోతున్నా సిల్వియా ఏమీ అడగలేదు. అడగకపోవడం కూడా రత్నానికి కోపమే తెప్పించింది. ఎంతుంటే ఇంత పోయినా తెలియదు!

ఒక మధ్యాహ్నం మంచం కింద చీపురుకి ఖాళీ అట్టపెట్టె తగిలింది. దాని మీద బొమ్మ. నిలువుగా కోసిన బొప్పాయి, మధ్యలో నల్లటి గింజలు.

రత్నం అక్కడే కూలబడింది. నోటి దగ్గరకి రానివ్వని పండుని తను చేతులారా మొహానికి పులుముకుంది. బిడ్డ కదలడం లేదనిపించింది. పొద్దున్న కదిలిందా? చేపలు కోస్తున్నప్పుడు కదిలిందా? గుర్తు రాలేదు. ఒకరి రంగు చూసి ఓర్వలేక తన బిడ్డకి తనే చేటు చేసుకుందా? కడుపు మీద చెయ్యి వేసుకుని పిలిచింది. కాసేపటికి లోపల బద్ధకంగా ఒక తన్ను. అయినా భయం తగ్గలేదు. అత్తగారికి చెబితే చంపేస్తుంది. ఆ పెట్టె మీది ఇంగ్లీషు చదవగలిగేది ఇంట్లో సిల్వియా ఒక్కతే.

సాయంత్రం సిల్వియా చెప్పులు విప్పుతుండగానే పెట్టె ఆమె చేతిలో పెట్టింది. “అక్కా, నీ క్రీము నేను రాసుకున్నాను.”

తిడుతుందనుకుంది. సిల్వియా మొహంలో నెత్తురు లేకుండా పోయింది. “నోట్లోకి పోయిందా?”

“లేదక్కా. మొహానికే.”

“కడుపుతో ఉండి... నాకొక్క మాట చెప్పలేకపోయావా?” రత్నం గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, ఎర్రగా కందిన చెంప చూసింది. “రేపు పొద్దున్నే నాతో రా. చెకప్పుకని అత్తయ్యగారికి నేను చెబుతాను.”

బస్సులో దారి పొడుగునా సిల్వియా ఆమె చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ కడుపు మీద పరికరం పెట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టుంది. ట్యూబు తిప్పి తిప్పి చదివింది. “పండులో ఉండే ఎంజైము, పైపైన చర్మాన్ని గీకినట్టు పనిచేస్తుంది. పుండు లేని చర్మం మీద రాస్తే లోపలికి పోయేది చాలా తక్కువ. గర్భిణుల మీద సరిగ్గా పరీక్షించి చూసినవాళ్ళు లేరు గనక పూర్తిగా మంచిదని నేను చెప్పను, మానెయ్. అంతేగాని బిడ్డకేదో అయిపోయిందని ఏడవకు. కందింది నీ మొహమే. పాలిచ్చే రోజుల్లో కూడా రొమ్ము దగ్గర ఇలాంటివేవీ రాయకు, బిడ్డ నోట్లోకి పోతుంది. పేరూ ఊరూ లేని తెలుపు క్రీములైతే అసలే వద్దు, వాటిల్లో ఏం కలుపుతారో తెలీదు. మంగు సంగతా? చాలామందికి కాన్పయ్యాక అదే తగ్గుతుంది. ఎండలో కొంగు కప్పుకో.”

రత్నం కళ్ళు తుడుచుకుని లేవబోయింది. సిల్వియా లేవలేదు.

“డాక్టరుగారండీ, పండు తింటేనో? ముగ్గిన పండే. మూడో నెల్లో. రెండు ముక్కలు.”

“పచ్చికాయ వద్దంటాం, పాలు కారతాయి కాబట్టి. బాగా ముగ్గిన పండు రెండు ముక్కలు తింటే కడుపు పోదమ్మా. మొదటి నెలల్లో పోయేవి చాలావరకు వాటంతటవే పోతాయి. ఎవరి తప్పూ కాదు.” డాక్టరమ్మ రత్నం వైపు చూసింది. “నీకు ఏడో నెల కదా?”

“తనకి కాదండీ,” అంది సిల్వియా. నవ్వబోయి, ఏడ్చింది. ఆ ఏడుపులో కూడా ఆమె మొహం అందంగానే ఉందని రత్నానికి అనిపించి, తన మీద తనకే అసహ్యం వేసింది.

బయట బల్ల మీద సిల్వియా మెల్లిగా చెప్పింది. “నువ్వు కాపురానికి రాకముందు సంగతి. ఆ చెట్టు మొదటి కాపు. ఆశపడి తిన్నాను. వారం తిరక్కుండా కడుపు పోయింది. నోరు కట్టుకోలేక బిడ్డని తినేసిందన్నారు అత్తయ్యగారు. మీ బావగారు చెట్టు కొట్టేస్తానంటే వద్దన్నారావిడ. ఉండనీ, చూసినప్పుడల్లా బుద్ధొస్తుందన్నారు.”

“మరి ఆ క్రీమెందుకక్కా?”

“పార్లరు ఓనరమ్మ, కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు, నీకేం భయం, తీసుకో అంది.” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఎక్కడికెళ్ళినా నాకు అదేగా.”

రత్నం ఆమె పక్కకి జరిగి కూర్చుంది. ఇన్నేళ్ళూ తను ఎవరి పళ్ళెంలోకి చూసి కుళ్ళుకుందో తెలిసింది. పండు పెట్టిన ప్రతిసారీ అత్తగారు ఆమె నోట్లో కుక్కింది ఏమిటో తెలిసింది. అది బాగుందని అనలేదని పొగరు అంటగట్టింది తను.

ఇంటికొచ్చేసరికి కృపమ్మ వసారాలో బొప్పాయి కడుగుతోంది. నెల్సన్ అన్నానికి కూర్చున్నాడు. “ఇద్దరూ కలిసి ఊరేగొచ్చారా! ఇదిగో, బాగా ముగ్గింది. సిల్వియాకి పెట్టు. దానికేం భయం.”

రత్నం పండు అందుకుంది. కత్తిపీట ముందు వేసుకుని నిలువుగా కోసింది. గింజలు దోసిట్లోకి తీసింది.

“అందరికీ కోస్తానండీ అత్తయ్యగారూ.”

“అందరికీ ఏంటే?”

“డాక్టరుగారినడిగి వచ్చామండి. ముగ్గిన పండు తింటే కడుపు పోదంట. ఎవరికీ పోదంట. అప్పుడు అక్కకి పోయింది కూడా దానివల్ల కాదంట.”

నెల్సన్ కలుపుతున్న ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “ఒసేయ్, నా మనవడే కడుపులో...” అని కృపమ్మ లేవబోయింది. సిల్వియా గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

రెండు పళ్ళేల్లో రెండు ముక్కలు పెట్టింది రత్నం. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇన్నేళ్ళూ ఒక్కతే తిన్నది చాలన్నట్టు చిన్నది సిల్వియా చేతికిచ్చింది. పెద్దది తను తీసుకుని, అత్తగారి ఎదురుగా కూర్చుని, కొరికింది.