అట్ట మీది డప్పు

ఎనిమిదో తరగతిలో బడి మానేసి మొగల్తూరు చర్చిలో డ్రమ్స్ ముందు కూర్చున్న అబ్రహాము, యాభయ్యేళ్లు దగ్గర పడినా లేవలేదు. 'డెల్టా థండర్' అనే రాక్ బ్యాండు ఆ డ్రమ్స్ చుట్టూనే పుట్టింది. ఇప్పుడు కొత్త ఆల్బమ్‌కి సౌండు మారుస్తున్నామంటూ పాటగాడు ఫిన్నీ అతన్ని రాజమండ్రి స్టూడియోకి పిలిచాడు. "డ్రమ్స్ తేనక్కర్లేదండి" అన్నాడు. అబ్రహాముకి అప్పుడే అర్థం కావాల్సింది.

"గిటార్ల గోల పాతబడిపోయిందండి. మన మట్టి వాసన రావాలి. డప్పు! మీ నాన్నగారు పెద్ద డప్పు కళాకారులంట కదా?" అన్నాడు ఫిన్నీ, అతను స్టూడియోలో అడుగు పెట్టగానే.

కళాకారుడు! బతికుండగా ఆయన్ని ఆ మాట అన్నవాడు లేడు. బాప్తిస్మం పుచ్చుకున్నరోజే, పాస్టరుగారు చెప్పారని, డప్పుని పొయ్యిలో పెట్టేశాడు. "నువ్వు కుర్చీలో కూర్చుని వాయించాలిరా" అంటూ కొడుక్కి ఒక్క దెబ్బయినా నేర్పలేదు.

"నాకు డప్పు రాదు బాబూ."

"వాయించడానికి దుర్గాసాయి ఉన్నాడు కదండీ!"

దుర్గాసాయి పెద్దాపురం రైతుల బిడ్డ. కాలేజీ వర్క్‌షాపులో డప్పు నేర్చుకున్నాడు. వాళ్ల తాతగారి వీధిలో డప్పు కొట్టేవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకు నడిచేవారు. కుర్రాడు బాగానే వాయించాడు. అబ్రహాముకి మంట అక్కడే.

"మరి నేనెందుకయ్యా?"

"ఆల్బమ్ అట్ట మీద ఫోటోకి మీరేనండి. ఈ ముఖం మాకెవరికుంది? స్టేజీ మీద కూడా ఊరికే పట్టుకు నిలబడండి, చాలు."

కాదంటే ఇంటికే. అబ్రహాము డప్పు మెడలో వేసుకుని, ఇచ్చిన రెండు పుల్లలూ చెరో చేత్తో పట్టుకున్నాడు. "కాస్త కోపంగా చూడండి" అన్నాడు ఫోటోగ్రాఫరు. అది మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

ఫోన్‌లో అట్ట బొమ్మ వస్తే తల్లి దీనమ్మకి చూపించాడు.

"అచ్చం మీ నాన్నే! ఎడం బుగ్గ మీద పుట్టుమచ్చతో సహా. ఈ డప్పెక్కడిదిరా?"

"అద్దెకి తెచ్చారమ్మా."

"మనింటికి డప్పు అద్దెకా!" అని ఆవిడ పడీపడీ నవ్వి, మళ్లీ చూసి ఆగిపోయింది. "ఓరి పిచ్చోడా, లావు పుల్ల ఎడంచేత్తో పట్టుకున్నావేంట్రా? అది కుడిచేతిది. నలుగురూ నవ్వుతారు."

అబ్రహాము సిగ్గుపడుతూనే ఫిన్నీకి చెప్పాడు.

"దానికేముందండీ, మళ్లీ రానక్కర్లేదు. ఫోటోని అద్దంలో బొమ్మలా అటూఇటూ తిప్పేస్తే సరి" అన్నాడు ఫిన్నీ.

కాఫీ తాగేలోపే కొత్త బొమ్మ వచ్చింది. లావు పుల్ల కుడిచేతిలోకి, పుట్టుమచ్చ కుడిబుగ్గ మీదకి మారాయి. దీనమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"డప్పు కుదిరిందిరా" అంది. "మనిషే నువ్వు కాదు."