మియానీ నొప్పి

కాంతమణి టీచర్ నడుముకు గురువారం ఆపరేషన్. రెండు వెన్నుపూసలను నాలుగు స్క్రూలతో బిగిస్తారు. ఆ మాట విన్నప్పటి నుంచి ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా భర్త హెన్రీ ఆమె వైపు చూస్తున్నాడు.

ఆమెకు అరవై మూడేళ్లు. చిలకలగూడలోని ఒక మిషన్ స్కూల్లో ముప్పై నాలుగేళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయింది. ఏటా ఎనిమిదో తరగతిలో మానవ శరీరం పాఠం వచ్చేది. తలతో మొదలుపెట్టి మెడ, ఛాతీ, పొట్ట మీదుగా నడుము దాకా వచ్చేది. అక్కడ సుద్దముక్క బల్ల మీద పెట్టి చేతులు దులుపుకునేది. మళ్లీ మోకాలి దగ్గర అందుకునేది. మధ్యలోది ఇంటి దగ్గర చదువుకోమనేది.

అందుకే రెండేళ్ల కిందట ఎడమ గజ్జలో నొప్పి మొదలైతే ఆమె దానికి నడుము నొప్పి అని పేరు పెట్టింది. అబద్ధం ఆడుతున్నానని అనుకోలేదు. ఆ చుట్టుపక్కల మొత్తానికీ ఆమె దగ్గర ఉన్న పేరు అదొక్కటే. చర్చిలోనూ నడుమనే చెప్పింది. పాస్టరుగారు ఎనిమిది నెలల పాటు ప్రతి ఆదివారం ఆమె నడుము కోసం ప్రార్థన చేయించారు. ప్రభువు ఆలకించినట్టే ఉంది. నడుముకు ఏ బాధా లేదు.

ఎముకల డాక్టరు ఆశీష్ ఆమె దగ్గరే ఎనిమిదో తరగతి చదివాడు. మొదటిసారి వెళ్లినప్పుడు కుర్చీలోంచి లేచి కాళ్లకు దండం పెట్టాడు. ఆ కాలు పట్టుకుని తిప్పి మాత్రం చూడలేదు. టీచర్ కాలు తిప్పడమేమిటని అతనూ అనుకున్నాడు. ఆమె నడుమంటే నడుముకే ఎమ్మారై రాశాడు. అరవై దాటిన నడుముకు ఎమ్మారై తీస్తే ఏదో ఒకటి కనబడుతుంది. ఆమెకు ఒక పూస కాస్త ముందుకు జరిగి కనబడింది. బెల్టు, మాత్రలు, వెన్నులో ఇంజెక్షను, ఏవీ పనిచేయలేదు. మిగిలినవి స్క్రూలు.

మంగళవారం టైలర్ అల్లాఉద్దీన్ ఇంటికొచ్చాడు. ఆసుపత్రికి ముందు తెరుచుకునే నైటీలు రెండు కావాలి. అతను ఆడవాళ్లకు టేపు పెట్టడు. ఆది బట్ట తీసుకెళ్లి దాని కొలతలతోనే కుడతాడు. ఆది నైటీ తేవడానికి కాంతమణి సోఫాలోంచి లేచింది.

"ఎక్కడ నొస్తున్నది టీచరమ్మా?"

"నడుము."

"చెయ్యి గాడ లేదు గదా."

ఆమె చూసుకుంది. చెయ్యి ఎడమ గజ్జను నొక్కిపెట్టి ఉంది. తీసేసింది.

"నడుమంటే నాకు తెల్వదా అమ్మా? నలభై ఏండ్ల సంది గా కొలతల మీదనే బతుకుతున్న. మీకు నొస్తున్నది నడుముల కాదు. మియానీల."

"మియానీ ఏమిటి?"

అల్లాఉద్దీన్ సంచిలోంచి ఎవరిదో సల్వారు తీశాడు. రెండు కాళ్లూ కలిసే చోట వేసిన నాలుగు పలకల గుడ్డముక్క మీద వేలు పెట్టాడు.

"గిదే మియానీ. ఇది లేకుంటే కూసుంటానికి లేస్తానికి తక్లీఫ్."

"ఉన్నా అంతే," అన్నాడు హెన్రీ పేపరు వెనక నుంచి.

"మీరు పేపరు చదువుకోండి," అంది కాంతమణి. తర్వాత అల్లాఉద్దీన్ వైపు తిరిగింది. "నీకెట్లా తెలుసు?"

"రెండేండ్ల కింద మీరే గద లడాయి పెట్టుకున్నరు. లంగా ఎడమ దిక్కు నేలకు రాస్తున్నది, కుట్టుడు మర్చిపోయినవా అని. కుట్టుడు సక్కగనే ఉంది. మీ ఎడమ కాలు పొట్టిగైంది. అప్పటి సంది అన్ని లంగాలు గా దిక్కు ముప్పావు ఇంచు పైకి మడిచి కుడుతున్న."

"మరి చెప్పలేదే?"

"ఆడోళ్ల కాళ్ల ముచ్చట నేనెట్ల మాట్లాడాలె? షరమ్ ఉండదా?"

ఆమె లోలోపల లెక్క వేసుకుంది. అతని సిగ్గు, తన సిగ్గు, డాక్టరు మర్యాద మూడూ కలిసి గురువారం దాకా వచ్చాయి.

బుధవారం ఆసుపత్రికి వెళ్తూ ఆటోలో ఆ మాటను నోట్లో రెండుసార్లు అనుకుంది. గుడ్డముక్క పేరే కదా. బూతు కాదు.

ఆశీష్ వార్డుకు వచ్చాడు. వెనక నర్సు పర్వీన్ ఉంది. ఆమె చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితాలున్నాయి.

"రెడీయా టీచర్? భయపడకండి."

"ఆశీష్, నొప్పి నడుములో కాదు. మియానీలో."

అతను పర్వీన్ వైపు చూశాడు. పర్వీన్ కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"సిస్టర్, వాట్ ఈజ్ మియానీ?"

"సల్వారుల ఉంటది సార్. రెండు కాళ్ల నడుమ."

"అంటే గజ్జలోనా టీచర్?"

"ఆ మాట నువ్వన్నావు. నేను అనలేదు."

"మరి ఇన్నాళ్లూ నడుమన్నారు కదా?"

"ఎనిమిదో తరగతిలో నేను నీకేం చెప్పాను? నడుము కింద ఏముంటుంది?"

ఆశీష్ అలవాటుగా చేతులు కట్టుకున్నాడు. "మోకాలు టీచర్."

"మరి?"

అతను ఆమెను పడుకోబెట్టి, అడిగి, ఎడమ కాలు పట్టుకున్నాడు. మోకాలు వంచి పాదాన్ని బయటికి తిప్పబోయాడు. దానితో పాటు లోపలికి తిరగాల్సిన తొడ తిరగలేదు. ఆమె యేసయ్యా అంది. గజ్జలో నొప్పి చాలాసార్లు తుంటి కీలుది. గంటలో తుంటికి ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక గుండుకూ అది కూర్చునే గిన్నెకూ మధ్య ఉండాల్సిన సందు లేదు. ఎముక మీద ఎముక అరుగుతోంది. తుంటి కీలులోకి మత్తుమందు ఇంజెక్షను ఇచ్చి ఇరవై నిమిషాలు ఆగమన్నాడు. నొప్పి అక్కడిదైతే పోతుంది. వెన్నుదైతే పోదు.

ఇరవై నిమిషాల తర్వాత కాంతమణి గజ్జ మీద చెయ్యి లేకుండా వరండా చివరి దాకా నడిచింది. ఎనిమిది మెట్లు ఎక్కి దిగింది. కింద ఆశీష్ నిలబడి ఉన్నాడు.

"సారీ టీచర్. ఫస్ట్ రోజే కాలు చూడాల్సింది."

"సగం తప్పు పాఠానిది," అంది. "స్క్రూలు?"

"క్యాన్సిల్."

మూడు వారాల తర్వాత తుంటి మార్చారు. ఆపరేషనైన ఆరు వారాలకు ఆమె కర్ర లేకుండా చర్చికి వెళ్లింది. ప్రసంగమంతా కూర్చుంది. హెన్రీ దృష్టిలో అది తుంటికి పెట్టదగ్గ పరీక్షల్లో ఆఖరుది. ఎత్తు తక్కువ పీటల మీద కూర్చోవద్దన్నారు. నొప్పి పదికి ఒకటి ఉంది. ఎమ్మారైలో జరిగిన పూస జరిగిన చోటే ఉంది. దాన్ని ఎవరూ కదిలించలేదు. అదీ ఆమెను కదిలించడం లేదు.

ఒక్కటే చిక్కొచ్చింది. కాళ్లు రెండూ సమానమయ్యాయి. లంగాలన్నీ ఎడమవైపు పైకి లేచాయి. అల్లాఉద్దీన్‌కు కబురు పెట్టింది.

"డాక్టర్ సాబ్ కాలు ఎంత పొడుగు చేసిండు?" అన్నాడు అల్లాఉద్దీన్ మడత విప్పి చూస్తూ.

"ముప్పావు ఇంచు," అన్నాడు హెన్రీ.

"సహీ ఉంది. నా లెక్క తప్పలేదు."

"ఇక మీద కుడివైపు చూస్తూ ఉండు," అంది కాంతమణి. "పావు ఇంచు తేడా వచ్చినా నాకు చెప్పాలి."

"ఎట్ల చెప్పాలె టీచరమ్మా?"

"తుంటి అని చెప్పు. కుడి తుంటి. గజ్జలో నొప్పుందా అని అడుగు."

హెన్రీ పేపరు దించాడు. పెళ్లయిన ముప్పై ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఆ మాటలు ఆమె నోట వినబడటం అదే మొదలు. అల్లాఉద్దీన్ తల వంచుకుని లంగాలు సంచిలో పెట్టుకుంటున్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.