ఊరికే అయ్యే పని

పటకారుతో జిప్పు రన్నరును రెండు వైపులా చిన్నగా నొక్కి, కొవ్వొత్తి ముక్కతో పళ్ళ మీద పైనుంచి కిందికి ఒకసారి రుద్ది, మేస్త్రి సంచీని బల్ల మీద పెట్టాడు. జిప్పు సర్రున వెళ్ళి సర్రున వచ్చింది.

"అయిపోయిందమ్మా. డబ్బులక్కర్లేదు. మళ్ళీ పట్టేస్తే ఇంట్లోనే కొవ్వొత్తి రుద్దుకోండి."

సంచీ తెచ్చినావిడ అనుమానంగా చూసింది. "ఊరికే చేసింది ఎన్నాళ్ళుంటుంది? కొత్త జిప్పు వేసెయ్యండి."

"ఇదే బాగుందమ్మా."

"బాగుంటే డబ్బులు తీసుకునేవారేగా!" అని ఆవిడ సంచీ చంకన పెట్టుకుని ఎదురు వరుసలోని కొట్టుకు వెళ్ళిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఇలాంటివాళ్ళు వారానికి ఒకరైనా తగులుతూనే ఉన్నారు. వాళ్ళను తలుచుకుని నవ్వుకోవడం మేస్త్రికి అలవాటు. ఇవాళ నవ్వు రాలేదు.

యాభై దాటిన మనిషి. కళ్ళజోడు కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు. ఎడమచేతి బొటనవేలి గోరు పటకారు కింద నలిగి నలిగి చదునైపోయింది. అందరూ జిప్పుల మేస్త్రి అంటారు. మంచం వేస్తే తలుపు పడనంత కొట్టు. అందులో కుట్టు మిషను అతనిది, కొట్టు ఓనరమ్మది. భర్త పోయాక ఇన్నేళ్ళూ ఆవిడే దాన్ని అద్దెకిచ్చి చూసుకుంది. ఇప్పుడు మోకాళ్ళు అరిగి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. "బయటివాడికైతే ఈ ధరకివ్వను. నువ్వే తీసుకో మేస్త్రీ" అని మూడు నెలలు గడువిచ్చింది. ఆ గడువు ఇవాళ సాయంత్రం అయిదింటితో సరి. ఫోన్ కవర్లు అమ్మేవాడొకడు అడ్వాన్సు జేబులో పెట్టుకుని ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాడు.

కొట్టు కొనడానికి బ్యాంకు లోను రావలసిందే. అడ్డుపడింది బావమరిది స్కూటరు. దాని అప్పుకు మేస్త్రి హామీ సంతకం పెట్టాడు. అప్పు తీరి అయిదేళ్ళయింది. తీరిందని ఫైనాన్సువాళ్ళు ఇచ్చిన కాగితమూ ఉంది. అయినా రికార్డులో అది ఎగ్గొట్టిన బాకీగానే ఉండిపోయి, అతని క్రెడిట్ స్కోరును పాతాళంలో కూర్చోబెట్టింది. బ్యాంకులో లోన్ల మేడమ్ మూడు నెలల కిందటే చెప్పింది: "అప్పు తీరిందని తెల్లకాగితం మీద రాసి, ఈ కాగితం జిరాక్సు పెట్టి స్కోరు రికార్డువాళ్ళకు పంపండి. నెల తిరిగేసరికి సరిచేస్తారు. పైసా ఖర్చుండదు."

ఆ చివరి మాట దగ్గరే వచ్చింది చిక్కంతా. తెల్లకాగితానికి లొంగే బాకీ ఏమిటి? అదీ ఊరికే? మేస్త్రికి మనసొప్పలేదు. అద్దాల తలుపు, ఏసీ, గోడ మీద "మీ స్కోరు మా బాధ్యత" అన్న బోర్డు ఉన్న గదికి వెళ్ళాడు. అక్కడ కూర్చున్న స్కోరు సారు రెండు నెలల సంపాదన ముందే కట్టించుకున్నాడు. ఒరిజినల్ కాగితమూ పుచ్చుకున్నాడు. "ఇంక బ్యాంకువాళ్ళతో మీరేం మాట్లాడకండి" అన్నాడు. మాట్లాడకుండా ఉండటం మేస్త్రికి బాగా చేతనైన పని.

ఇవాళ పొద్దుట్నుంచి స్కోరు సారుకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ ఒకటే జవాబు: "ప్రాసెస్‌లో ఉంది సార్." మధ్యాహ్నానికి ఓపిక చచ్చి, కొట్టు మూసి బ్యాంకుకు వెళ్ళాడు.

మేడమ్ కంప్యూటరు చూసి, అతన్ని చూసి, మళ్ళీ కంప్యూటరు చూసింది. "ఇన్ని అభ్యంతరాలు ఎవరు పెట్టమన్నారండీ మిమ్మల్ని?"

"ఇన్నా? ఒక్కటేగా మేడమ్, స్కూటరుది."

ఆవిడ తెరను అతని వైపు తిప్పింది. అతని పేరున ఎప్పుడెప్పుడో తీసుకున్న ప్రతి అప్పు మీదా ఒకే మాదిరి ఉత్తరం వెళ్ళింది, ఇది నాది కాదని. చివరికి మిషను అప్పు మీద కూడా.

"అది నాదేనండీ!" మేస్త్రి గొంతు లేచింది. "నాలుగేళ్ళు ఒక్క వాయిదా తప్పలేదు. ఒకసారి జ్వరంతో వచ్చి కట్టాను!"

"ఆ రోజు నేనే కదా కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మీ పేరు మీద ఉన్న ఒక్క మంచి అప్పూ అదే. దాన్నీ కాదనేశారు. ఇవన్నీ తేలేదాకా కొత్త లోను ఎక్కదు. రెండు నెలలు పడుతుంది. పోనీ, ఆ స్కూటరు కాగితం ఇలా ఇవ్వండి, నేనే పంపిస్తాను."

"అది వాళ్ళ దగ్గరుందండీ."

"ఒరిజినలా?"

మేస్త్రి తలూపాడు. మేడమ్ తల కొట్టుకోలేదు గానీ, కొట్టుకున్నంత పని చేసింది.

స్కోరు సారు చల్లటి గదిలో చల్లగానే ఉన్నాడు. "అన్నిటి మీదా పెడతాం సార్. ఏదో ఒకటి రాలుతుంది. అది మా పద్ధతి."

"ఒక్క పన్ను వంగితే జిప్పంతా పీకుతారా ఎవరైనా?"

స్కోరు సారుకు జిప్పు గొడవ అర్థం కాలేదు. కాగితం హెడ్డాఫీసులో ఉందన్నాడు. అభ్యంతరాలు వెనక్కి తీసుకోవడానికి వేరే ప్యాకేజీ ఉందన్నాడు. దానికి ఫీజు వేరు.

"నా కాగితం నాకు పారెయ్!" అని మేస్త్రి అరిచాడు. జీవితంలో అంత గట్టిగా అరవడం అదే మొదలు కాబట్టి చివర్లో గొంతు చీలింది. బల్ల దగ్గరి అమ్మాయి గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. తాగేశాడు. బయటికొచ్చాక ఆ నీళ్ళు తాగినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

దారిలో భార్య ఫోన్ చేసింది. అంతా విని, "మేడమ్ చెప్పిన రోజే నేను రాసిస్తానన్నానా, లేదా?" అంది. "నా చేతిరాత కోడిగీతల్లా ఉంటుందన్నారు. వాడి చేతిరాత బాగుందా ఇప్పుడు?"

మేస్త్రి ఫోన్ జేబులో పెట్టుకుని కొట్టు తాళం తీశాడు.

అయిదింటికి ఓనరమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. అతని మొహం చూడగానే సంగతి తెలిసిపోయింది.

"ఇంకో రెండు నెలలు ఆగలేరా అమ్మగారూ?"

"ఆగాలనే ఉందయ్యా. మోకాళ్ళు ఆగమంటే ఆగుతాయా?" ఆవిడ చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. "పొద్దున్నే ఆ ఫోన్ కవర్లవాడు మళ్ళీ వచ్చాడు. అయిదు దాటితే సరేనన్నాను."

మేస్త్రికి ఏడుపొచ్చింది. ఆవిడ ముందు బాగుండదని అటు తిరిగి రన్నర్ల డబ్బాలు సంచీలో సర్దడం మొదలుపెట్టాడు. బండివాడితో కలిసి మిషనును తోపుడుబండి మీదికి ఎక్కించాడు. అంతలో పొద్దున్నావిడ మళ్ళీ వచ్చింది. కొత్త జిప్పు సగంలో పట్టేసిందట.

మేస్త్రి కొవ్వొత్తి ముక్క తీసి ఒకసారి రుద్దాడు. సర్రున నడిచింది.

"ఎంత?" అంది ఆవిడ.

అతను ఆవిడ వంక చూశాడు. కొత్త జిప్పు ఖరీదుకు రెట్టింపు చెప్పాడు.

ఆవిడ బేరం కూడా ఆడలేదు. "ఇప్పుడు నమ్మకంగా ఉంది," అని డబ్బు లెక్కపెట్టి ఇచ్చి వెళ్ళిపోయింది. మేస్త్రి ఆ నోట్లను జేబు దాకా తీసుకెళ్ళి, పెట్టుకోబుద్ధి కాక ఆగాడు. తర్వాత వాటినీ, తాళంచెవినీ ఓనరమ్మ చేతిలో పెట్టి, బండి వెనకాల నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఖాళీ బల్ల మీద కొవ్వొత్తి ముక్క మిగిలింది, ఒక పక్కంతా జిప్పు పళ్ళు గీసిన సన్నటి గీతలతో, ఇంకా ఎన్నో జిప్పులకు సరిపోయేంత.