రెండు ఈలల దాకా

ఈ కిటికీ తెర ఉతికి ఎన్నాళ్లయిందో, మధ్యాహ్నపు ఎండ పడేసరికి మరకలన్నీ మనుషుల్లా నిలబడ్డాయి అనుకుంటూనే ఉంది నర్సక్క, చెయ్యి మాత్రం మంచం మీద నొప్పులు పడుతున్న పిల్ల పొట్టమీదే, రాయిలా బిగుస్తోంది, బిగుస్తూనే ఆ మూలుగు, ఇరవయ్యారేళ్లుగా ఎరిగిన మూలుగు, ముక్కాలనిపిస్తోందక్కా నావల్ల కాదు అంటోంది పిల్ల, ముక్కవే మరి, నలుగుర్ని కన్నదాన్ని నాకు తెలీదా అని పక్కనుంచి ఎగదోస్తోంది తల్లి, ఇప్పుడే కదా తను చూసింది, దారి పూర్తిగా విచ్చుకోలేదు, ముందువైపు అంచు పెదవిలా మిగిలే ఉంది, ఇప్పుడు బలమంతా పెడితే అది వాచి కూర్చుంటుంది.

ముక్కొద్దంటే వినపడదా అని అరిచింది తను ఒకప్పుడు, ఉద్యోగంలో చేరిన ఏడాది, మూడో మంచం మీది మనిషిని, గడ్డం మీద మచ్చున్నావిడ, బిడ్డ పుట్టాక బిడ్డకేసైనా చూడకుండా తన చెయ్యి పట్టుకుని, తప్పయిపోయిందమ్మా, ఆపుకోలేకపోయాను అంది, ఒళ్లు దానంతటది ముక్కితే మనిషి తప్పా, తుమ్మినందుకు ఎవరన్నా కాళ్లావేళ్లా పడతారా.

తప్పేం లేదు తల్లీ, నీ ఒంటికి తొందరెక్కువ, అంతే, అంది ఇప్పుడు ఈ పిల్లతో, మోకాళ్ల మీద వంగు, రొమ్ము పరుపుకి ఆనించు, బిడ్డ బరువు కాస్త వెనక్కి జారుతుంది, పెద్దమ్మా మీరు నడుం రుద్దండి, నలుగుర్ని కన్న చెయ్యి కదా, అనగానే పెద్దావిడ మొహం విచ్చుకుంది, నోరు మూతపడింది, నీ బస్సులో ఒక ఈలకి ఆగుతారు, రెండింటికి కదులుతారు, అవునా కండక్టరమ్మా, ఇప్పుడు ఒక్క ఈలే, ఫూ ఫూ అని చిన్నగా ఊదు, ఒళ్లు దానంతటది ముక్కితే ముక్కనీ, నువ్వు మాత్రం దాని వెంట పడకు, జనం తోసుకొస్తున్నారక్కా అంది ఆ పిల్ల ఏడుపులోంచి నవ్వుతూ, తోసుకోనీ, తలుపు తీసేదాకా మెట్టుమీదే నిలబెట్టు, ఫూ, తనూ ఊదింది, పెద్దావిడా ఊదింది, ముగ్గురూ పొయ్యి రాజేస్తున్నట్టే ఉన్నారు, నొప్పి వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది, బిడ్డ గుండె టకటకా చక్కగా కొట్టుకుంటోంది, మళ్లీ చూస్తే అంచు లేదు.

రెండు ఈలలు, పద, అనగానే ఆ పిల్ల పెదాలు సున్నా చుట్టి నిజంగానే రెండు ఊదింది, గాలి తప్ప ఏమీ రాలేదు, ఆ తర్వాత వచ్చింది ఆడపిల్ల, పిడికిళ్లు బిగించి, టిక్కెట్టు ఎవరడుగుతారో చూస్తానన్నట్టు.

తిడతారనుకున్నానక్కా, అంది పిల్ల బిడ్డ తడి తల మీద గడ్డం ఆనించి, ఎందుకు తిడతానే అంటూ తెర పక్కకి లాగింది నర్సక్క, ఎండ మంచం నిండా పడింది, రేపు ఈ తెర ఉతకాలి, ఉతికి ఆరేయాలి, ఆనాడు మూడో మంచం దగ్గర భయపడి ఆపుకోలేకపోయింది ఆ మచ్చ మనిషి కాదు, అరిచిన తను.