రోకఫోస్క సంస్థానంలో వెల్లుల్లి ముద్దు

రోకఫోస్క సంస్థానానికి దొర మారినప్పుడల్లా సామంతులు వచ్చి మోకరిల్లి, కొత్త దొర చేతుల్లో చేతులు పెట్టి ప్రమాణం చేసి, పెదవుల మీద ముద్దు పెట్టాలి. ముద్దు పడితేనే పొత్తు ఖాయం. చిక్కల్లా కొండదారిని కాచే గ్రాయెర కోట వాళ్లతోనే. పంటినొప్పి రాకూడదని ఆ వంశపు మగవాళ్లు పొద్దున లేస్తూనే పచ్చి వెల్లుల్లి రెబ్బలు నమిలేవారు.

గెరావ్ దొర గద్దెనెక్కిన రోజు ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ప్రమాణం పొడుగైపోయి ముద్దుకు ముందే సొమ్మసిల్లి పడ్డాడు. అవమానమని గ్రాయెర వాళ్లు మూడేళ్లు దారి మూసేశారు. ఆయన కొడుకు హూగ్ దొర జలుబని ముద్దు వాయిదా వేసి, ఆ జలుబుతోనే పదకొండేళ్లు ఏలి కన్నుమూశాడు. ఇప్పుడు గద్దె ఆయన కూతురు, పందొమ్మిదేళ్ల సౌరీనాది.

"నావల్ల కాదే గిస్లా," అంది తనను పెంచిన దాదితో. "ఆ గ్రాయెర కోట దాల్మావ్ వాకిట్లోకి వస్తేనే గుర్రాలు తుమ్ముతున్నాయి!"

"నువ్వూ జలుబని చెప్పు తల్లీ."

"నాన్న పోయాక కూడా వాళ్లు జలుబుకని కషాయం పంపారే! ఇంకెవరు నమ్ముతారు?" సౌరీనా చటుక్కున లేచింది. "తిన్నవాళ్లకి ఆ వాసన తెలీదు కదూ? రోలు పట్రా."

మూడు వెల్లుల్లి పాయలు ఒలిచి, ఉప్పేసి నూరి, ఆలివ్ నూనె కలిపి రొట్టెకు పట్టించి తింది. మొదటి ముక్క కష్టపడి మింగింది. నాలుగోది తనే అడిగి పెట్టించుకుంది.

సభలో దాల్మావ్ ఎలుగుబంటిలా మోకరిల్లి ప్రమాణం ముగించాడు.

"రండి, దాల్మావ్ గారూ," అంది సౌరీనా.

ఆ ఒక్క మాటకే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా వెనక్కి జరిగాడు. "అమ్మగారూ... నాకు కాస్త జలుబుగా..."

"మా ఇంట్లో జలుబులు మామూలే లెండి!" అని అతని చెవులు రెండూ పట్టుకుని చప్పుడయ్యేలా ముద్దు పెట్టేసింది.

దాల్మావ్ బుగ్గల మీదుగా నీళ్లు ధారగా కారాయి. "ఎంత విశ్వాసమో పాపం!" అని ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. లేఖకుడైన సన్యాసి ఆ మాటే పత్రంలో రాసుకున్నాడు.

విందులో దాల్మావ్ పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మగారూ, ఎన్ని రెబ్బలు?"

"రెబ్బలు కాదు, మూడు పాయలు. నూనెలో నూరి."

"నూనెలోనా! తాతల నుంచి ఉత్తవే నమిలి చస్తున్నాం కదండీ!"

సౌరీనా రోలు మళ్లీ తెప్పించింది. ఇద్దరూ ఒకే పళ్లెంలో రొట్టె అద్దుకు తింటుంటే, తక్కిన సామంతులు తమ బల్లను గోడ దాకా జరుపుకున్నారు.