మోతె వైపు తిరిగిన అంబులెన్స్

పెళ్లయి నెల కూడా కాలేదు. మా ఆయన నగేష్ నన్ను నర్సు డ్యూటీకి దింపుతూ, ఆసుపత్రి గేటు దగ్గర వేడి మిర్చి బజ్జీల పొట్లం నా చేతిలో పెట్టి, "ఎవ్వలకియ్యకు, నువ్వే తిను" అన్నాడు. నా గోరింటాకు చూస్తూ బండి తాళం తిప్పడం మరిచిపోయాడు. సూర్యాపేట అంతా నాకోసమే ముస్తాబైనట్టనిపించి, నవ్వుకుంటూ పసిపిల్లల వార్డులోకి వచ్చాను.

అక్కడ జమ్లీ అనే ఆమె కొడుకు ఉన్నాడు. వాళ్లది మోతె దగ్గర తండా. నెలలు నిండకుండా పుట్టాడు, మెదడులో రక్తస్రావమైంది. ఇక ఆశ లేదని పొద్దున డాక్టరే చెప్పాడు. ఆక్సిజన్ గొట్టానికి వేసిన ప్లాస్టర్ పక్కన బుగ్గ చర్మం ఉల్లిపొరలా లేచి ఉంది.

డాక్టరు నా పొట్లంలోంచి ఒక బజ్జీ తీసుకున్నాడు. "గొంతుల గొట్టమేసి హైదరాబాద్ పంపుండ్రి. తొవ్వల పోతే పోనీ. మన దగ్గర పోతే మనకే చెడ్డపేరు" అంటూ నూనె వేళ్లను బిడ్డ దుప్పటికి తుడుచుకున్నాడు. మిగిలిన బజ్జీలు చెత్తబుట్టలో పడేశాను.

"అక్కా, ఇంక ఆ గొట్టమెందుకు? తల్లి ఒళ్లె పండబెడదాం" అన్నాను సీనియర్ నర్సు వసంతక్కతో.

"ఊపిరి ఉన్నంతసేపు కొట్లాడాలె స్వరూపా. ఇడిసిపెట్టుడంటే నా లెక్కల సంపుడే."

"గిది కొట్లాటనా అక్కా? మన గడప దాటిచ్చుడు."

నేను జమ్లీ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను.

"పట్నం పోతే బతుకుతడా, సిస్టరమ్మా?"

"బతకడమ్మా. నొప్పి తెల్వకుంట మందు ఇస్తం. నీ ఒళ్లె ఉంటడు."

"పుట్టినకాంచి అద్దంలకెళ్లి సూసుడే. ఒక్కసారన్న ముట్టనియ్యలే. నాకియ్యి, ఇంటికి తీస్కపోత."

నేను ప్లాస్టర్ తీయబోతుంటే వసంతక్క తడి దూదితో వచ్చింది. "గట్ల గుంజకు, తోలొస్తది. జరుగు." అంచులు తడుపుతూ మెల్లగా ఊడదీసింది. డాక్టరు పొద్దున రాసిన నొప్పి మందు వేసింది. "నేనైతే పట్నమే పంపుదు. తల్లి అడిగింది గాబట్టి..." అని మొహం తిప్పుకుంది.

అంబులెన్స్‌లో జమ్లీ బిడ్డను కొంగు కింద రొమ్ముకు ఆనించుకుంది. నేను పక్కన కూర్చున్నాను.

"పట్నమేనా?" అన్నాడు డ్రైవర్ సునీల్.

"మోతె."

"సార్ పట్నమన్నడు గదా?"

"సార్‌కు బిడ్డ ఈడ లేకుంటే సాలు. నువ్వు తిప్పు."

తండా కనిపిస్తుండగా నా ఫోను మోగింది.

"పోయిండా? ఊరు దాటినంకనే గదా?" అన్నాడు డాక్టరు.

ఆ గొంతుకు కూడా నూనె అంటినట్టే అనిపించింది. ఫోను ఆపేసి, చెవిని చున్నీతో తుడుచుకున్నాను. బిడ్డ గుప్పిట ఇంకా జమ్లీ వేలిని పట్టుకునే ఉంది.